మనల్ని ఆపుతున్న ప్రశ్న

"ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని మస్జిదుకు వెళ్ళను?"

ఏళ్ళ తరబడి నమాజు వదిలేసిన యువకుడు అనే మాట ఇది. పదేళ్ళుగా తమ్ముడితో మాటలు లేని పెద్దమనిషి, "ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వాడి గడప తొక్కను?" అంటాడు. ఖుర్ఆన్ చదవడం రాని నడివయసు తల్లి, "ఈ వయసులో పిల్లల పక్కన కూర్చుని అలిఫ్, బా నేర్చుకుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అంటుంది. వినడానికి ఇవన్నీ ప్రశ్నలే. కాని వీటిలో ఏ ఒక్కటీ సమాధానం కోసం అడిగినది కాదు. "నేను వెళ్ళను", "నా వల్ల కాదు" అనే తీర్పు మనసులో ముందే జరిగిపోయింది. దాని మీద ప్రశ్న అనే ముసుగు కప్పాము, అంతే.

మనిషి దారికి అడ్డుపడేవి రెండు రకాలు. పేదరికం, అనారోగ్యం, ఇంటి బాధ్యతలు వంటివి బయటి అడ్డంకులు. వీటిని ఎవరూ కాదనలేరు. సిగ్గు, భయం, నిరాశ, వాయిదా, అహం అనేవి లోపలి అడ్డంకులు. ఇవి మనసులో లేచిన గోడలు. బయటి గోడ అందరికీ కనిపిస్తుంది. లోపలి గోడ కట్టుకున్నవాడికి కూడా కనిపించదు. తప్పు ప్రశ్నలు ఇటుకలుగా మారి ఈ గోడ లేస్తుంది. సరైన ప్రశ్న ఒక్కటి చాలు, అందులో తలుపు తెరుచుకోవడానికి. ఈ సంగతి మాకు పుస్తకాల్లో కన్నా ముందు మా పొరపాటులోనే అర్థమైంది.

మేము వేసిన తప్పు ప్రశ్న

కొన్నేళ్ళ క్రితం ఒక పల్లె మస్జిదులో అసర్ నుంచి మగ్రిబ్ దాకా పిల్లలకు మక్తబ్ నడుపుతున్నాము. ఆ ఊళ్ళో ముస్లిం కుటుంబాలన్నిటికీ ఇంటి భాష తెలుగే. పరుపులు కుట్టుకుని బతికే ఒక పెద్దాయన, యాభై దాటినవారు, వరుసగా మూడు రోజులు వచ్చి పిల్లల వెనుక గోడకు ఆనుకుని కూర్చున్నారు. నాలుగో రోజు మేము చనువుగా, "ఇన్నేళ్ళూ ఎందుకు నేర్చుకోలేదు చాచా?" అని అడిగాము. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన కూడా నవ్వి ఊరుకున్నారు. మర్నాటి నుంచి రాలేదు.

పది రోజుల తర్వాత ఆయన భార్య మా ఇంటికి వచ్చారు. "మా మామగారు పోయినప్పుడు జనాజా నమాజులో నిలబడి ఒక్క దుఆ కూడా నోటికి రాలేదని ఏడాదిగా కుమిలిపోతున్నారండీ. ధైర్యం చేసి వచ్చారు. ఇప్పుడు ఇక ఆ వైపు రానంటున్నారు" అన్నారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఏడాదిపాటు తన సిగ్గుతో పోరాడి ఒక మనిషి మస్జిదు గడప దాటి లోపలికి వచ్చాడు. మేము అడిగిన ఒక్క ప్రశ్న ఆయన్ని మళ్ళీ బయటికి నెట్టింది. ఆ ప్రశ్నకు ఆయన ఏం సమాధానం చెప్పగలరు? గడిచిన యాభై ఏళ్ళను ఆయన మార్చగలరా? ఆయన చేతిలో లేని దాని గురించి అడిగి, చేతిలో ఉన్న దాన్ని పోగొట్టాము.

"నిన్ను ఆపింది ఏమిటి?"

దివ్య ఖుర్ఆన్ ఏడవ సూరా అల్ అఅరాఫ్‌లో (7:11-23) ఇద్దరి వృత్తాంతం పక్కపక్కనే వస్తుంది. ఆదం (అలై)కు సాష్టాంగపడమని ఆజ్ఞ అయినప్పుడు ఇబ్లీసు నిరాకరించాడు. అప్పుడు అల్లాహ్ అతణ్ణి, నేను ఆజ్ఞాపించినప్పుడు సాష్టాంగపడకుండా నిన్ను ఆపింది ఏమిటని అడిగాడు. సర్వం తెలిసిన అల్లాహ్‌కు ఆ సమాధానం తెలియక కాదు. ప్రశ్న ఎదురైనప్పుడే మనిషి అయినా, జిన్ను అయినా లోపల ఏముందో బయటపడుతుంది. ఇబ్లీసు తనలోకి తాను చూసుకోలేదు. తనను ఆదంతో పోల్చుకున్నాడు. తాను అగ్నితో పుట్టానని, అతడు మట్టితో పుట్టాడని, తానే మేలైనవాడినని అన్నాడు. చివరికి తన మార్గభ్రష్టతకు అల్లాహ్‌నే కారణంగా చూపాడు.

ఆదం, హవ్వా (అలై)లకు కూడా ప్రశ్న ఎదురైంది. ఆ చెట్టు దగ్గరికి వెళ్ళవద్దని నేను వారించలేదా అని ప్రభువు అడిగాడు. షైతాను తమను మోసం చేశాడన్నది నిజమే. ఆ నిజాన్ని సాకుగా చూపే అవకాశం వారికి ఉంది. కాని వారు షైతాను పేరెత్తలేదు. మాకు మేమే అన్యాయం చేసుకున్నామని ఒప్పుకుని క్షమాభిక్ష వేడుకున్నారు.

పొరపాటు అటూ జరిగింది, ఇటూ జరిగింది. ప్రశ్న అటూ వచ్చింది, ఇటూ వచ్చింది. ఒకరు ఆ ప్రశ్నను తనను సమర్థించుకోవడానికి వాడుకున్నాడు. మరొకరు తమను సరిదిద్దుకోవడానికి వాడుకున్నారు. ఒకరు శాశ్వతంగా బహిష్కృతుడయ్యాడు. మరొకరి తౌబా స్వీకరించబడింది.

కాబట్టి, సోదర సోదరీమణులారా! ఒక మంచి పని చేయాలని ఉండి చేయలేకపోతున్నప్పుడు మనం మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదే: నన్ను ఆపుతున్నది నిజంగా ఏమిటి? సమయం లేదంటాం. కాస్త తవ్వి చూస్తే సమయం ఉంటుంది. సిగ్గు అంటాం. ఇంకాస్త తవ్వితే ఒక్కోసారి సిగ్గు అడుగున, నలుగురిలో నా స్థాయి తగ్గుతుందన్న అహం కనిపిస్తుంది. తాబియీలలో ప్రసిద్ధులైన ముజాహిద్ (రహ్మ), సిగ్గుపడేవాడికీ గర్వించేవాడికీ ఇద్దరికీ విద్య అబ్బదని చెప్పారు. సిగ్గునూ గర్వాన్నీ ఒకే వరుసలో పెట్టడంలో ఎంత పరిశీలన ఉందో చూడండి. హయా విశ్వాసంలో భాగమే. కాని ధర్మాన్ని తెలుసుకోవడానికి అడ్డుపడే బిడియం ఆ హయా కాదు. అందుకే హజ్రత్ ఆయిషా (రజి), ధర్మ విషయాలు అడిగి తెలుసుకోవడానికి సిగ్గును అడ్డు రానివ్వని అన్సారీ స్త్రీలను మెచ్చుకున్నారు.

"రేపు" అనే గోడ

హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ ప్రయాణం జరిగింది. మండు వేసవి, దూర ప్రయాణం. మదీనా తోటల్లో పండ్లు పక్వానికి వచ్చిన రోజులు. అప్పుడు వెనుక ఉండిపోయిన హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తన కథను తానే దాచకుండా చెప్పారు. అది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది.

ఆయన పేదవారు కారు, బలహీనులూ కారు. అంతకుముందు ఎన్నడూ లేనంత స్తోమత ఆ సమయంలో ఆయనకు ఉంది. జీవితంలో మొదటిసారి రెండు వాహనాలు సమకూరాయి. ఆయన రోజూ ఉదయం ప్రయాణానికి సిద్ధం కావాలని బయలుదేరేవారు, ఏమీ చేయకుండానే ఇంటికి తిరిగి వచ్చేవారు. నాకు శక్తి ఉంది కదా, ఎప్పుడైనా సిద్ధం కాగలను అని సరిపెట్టుకునేవారు. సైన్యం వెళ్ళిపోయింది. వెళ్ళి కలుసుకుందామనుకున్నారు. ఆ రోజూ గడిచిపోయింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. "నేను చేయగలనా?" అన్న ప్రశ్నకు ఆయన మనసు రోజూ "చేయగలను" అనే చెప్పింది. అది అబద్ధం కూడా కాదు. ఆ సమాధానంతో మనసు తృప్తి పడి పనిని వదిలేసింది. "ఈ రోజు నేను ఏం సిద్ధం చేశాను?" అని అడిగి ఉంటే మొదటి రోజే గుట్టు బయటపడేది. మనం కూడా అంతే. "సిగరెట్ మానగలనా? ఎప్పుడైనా మానగలను." "ఫజ్ర్‌కు లేవగలనా? తలచుకుంటే లేవగలను." తప్పు ప్రశ్నకు దొరికే నిజమైన సమాధానం కూడా మనిషిని మోసం చేస్తుంది.

దైవప్రవక్త (స) తిరిగి వస్తున్నారని తెలియగానే కఅబ్ (రజి) మనసులో మరో ప్రశ్న లేచింది: ఏం చెప్పి ఆయన ఆగ్రహం నుంచి తప్పించుకోవాలి? ఇంట్లో ఆలోచనాపరులను కూడా సంప్రదించారు. కాని ప్రవక్త (స) పట్టణం సమీపించేసరికి, అబద్ధంతో తాను ఎన్నటికీ బయటపడలేనని ఆయనకు తేటతెల్లమైంది. వెనుక ఉండిపోయినవారు ఎనభై మందికి పైగా వచ్చి సాకులు చెప్పి ప్రమాణాలు చేశారు. ప్రవక్త (స) వారి పైకి చెప్పిన మాటలు స్వీకరించి, లోపలి సంగతి అల్లాహ్‌కు వదిలేశారు. కఅబ్ (రజి) మాత్రం తనకు ఏ సాకూ లేదని నిజం ఒప్పుకున్నారు.

దారిలో ఆయన బంధువులు, నువ్వూ ఏదో ఒక సాకు చెప్పవలసింది కదా అని ఎంతగా నిలదీశారంటే, వెనక్కి వెళ్ళి మాట మార్చుకుందామన్నంత వరకు వచ్చింది. అప్పుడు ఆయన ఒక మంచి ప్రశ్న అడిగారు: నాలాగే నిజం చెప్పినవారు ఇంకెవరైనా ఉన్నారా? మురారా బిన్ రబీ, హిలాల్ బిన్ ఉమయ్యా (రజి) అనే ఇద్దరి పేర్లు చెప్పారు. ఇద్దరూ సజ్జనులు. ఆ పేర్లు విని ఆయన స్థిరపడ్డారు. తర్వాత 50 రాత్రుల పాటు ఎవరూ పలకరించని ఒంటరితనం. భూమి ఇంత విశాలంగా ఉండి కూడా వారికి ఇరుకైపోయిందని ఖుర్ఆన్ (9:118) వర్ణించింది. ఆ తర్వాత ఆ ముగ్గురి తౌబా స్వీకరించబడినట్లు అదే ఖుర్ఆన్ ప్రకటించింది. సాకు చెప్పినవారికి ఆ రోజు తేలికగా గడిచింది. నిజం చెప్పినవారికి 50 రోజులు బరువుగా గడిచి, శాశ్వతమైన గౌరవం దక్కింది.

ఎవరిని అడుగుతున్నాము?

ప్రశ్న సరైనదైతే చాలదు, సరైన చోట అడగాలి. ఇస్రాయీల్ సంతతిలో 99 మందిని చంపిన వ్యక్తి గురించి దైవప్రవక్త (స) తెలిపారు. తౌబాకు దారి ఉందా అని అతడు మొదట ఒక సన్యాసిని అడిగాడు. లేదని అతను చెప్పాడు. హంతకుడు అతణ్ణీ చంపి నూరు పూర్తి చేశాడు. తర్వాత ఒక పండితుణ్ణి అడిగాడు. ఆ పండితుడు అవునని చెప్పి ఊరుకోలేదు. నీకూ తౌబాకూ మధ్య అడ్డు నిలబడగలవాడు ఎవడు అని ఎదురు ప్రశ్న వేశాడు. అంతటితోనూ ఆగక, నీ ఊరు చెడ్డది, అక్కడికి మళ్ళీ పోవద్దు, అల్లాహ్‌ను ఆరాధించేవారు ఉన్న ఫలానా ఊరికి వెళ్ళు అని దారి చూపాడు. అతడు బయలుదేరి దారిలోనే చనిపోయాడు. కొలిచి చూస్తే మంచి ఊరికి ఒక జానెడు దగ్గరగా ఉన్నాడు. కారుణ్య దూతలు అతణ్ణి తీసుకువెళ్ళారు.

మొదటివాడు ఆరాధనాపరుడే, కాని జ్ఞానం లేనివాడు. అతని సమాధానం గోడ కట్టింది. రెండోవాడి ప్రశ్న గోడను పడగొట్టింది, సలహా కాళ్ళకు దారి ఇచ్చింది.

అబూ దావూద్‌లో మరో సంఘటన ఉంది. ప్రయాణంలో తలకు గాయమైన ఒక వ్యక్తికి గుసుల్ విధి అయింది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగాడు. నీళ్ళు ఉండగా కుదరదన్నారు వారు. అతడు స్నానం చేసి మరణించాడు. ఆ సంగతి తెలిసి దైవప్రవక్త (స) ఎంతో ఆగ్రహించారు. వారే అతణ్ణి చంపారని, తెలియనప్పుడు ఎందుకు అడగలేదని, తెలియనితనానికి మందు అడగడమేనని హెచ్చరించారు. మాలాంటి మౌల్వీలు, ఇమాములు, ఇంటి పెద్దలు ఈ హదీసును గుండెకు హత్తుకోవాలి. సగం తెలిసిన సమాధానం ప్రాణం తీసింది. అనాలోచితమైన ప్రశ్న ఆశను తీస్తుంది.

కొట్టు కట్టేసే ముందు లెక్క

ఇమాం గజాలీ (రహ్మ) తమ ఇహ్యాలో ఆత్మపరిశీలనను వ్యాపారంతో పోల్చారు. భాగస్వామితో పొద్దున షరతులు మాట్లాడుకుంటాం, పగలంతా కనిపెట్టి ఉంటాం, రాత్రి లెక్క చూస్తాం. మన నఫ్స్‌తో కూడా అలాగే వ్యవహరించాలన్నారు. ఆయన ఇది ఊరికే రాసినది కాదు. హిజ్రీ 488లో (క్రీ.శ. 1095) బాగ్దాద్ నిజామియాలో వందలాది విద్యార్థులకు గురువుగా ఉన్న రోజుల్లో, ఈ బోధన వెనుక నా సంకల్పం ఏమిటని ఆయన తన్ను తాను ప్రశ్నించుకున్నారు. అల్లాహ్ కోసం కాదు, పేరు ప్రతిష్ఠల కోసమేనన్న సమాధానం వచ్చింది. నెలల తరబడి వెళ్ళాలా, ఉండాలా అన్న ఊగిసలాటలో నలిగి, పాఠం చెప్పబోతే నోట మాట రాని స్థితికి చేరారు. చివరికి ఆ పదవిని వదిలి సిరియాకు వెళ్ళారు. మంచి ప్రశ్న ఎప్పుడూ ఓదార్చేదే అయి ఉండదు. ఒక్కోసారి అది చాలా ఖరీదైనది. కాని అదే మనిషిని విడిపిస్తుంది.

మనం కూడా ఇషా తర్వాత, కొట్టు కట్టేసే ముందు గల్లా లెక్క చూసుకున్నట్లు, ఐదు నిమిషాలు మన లెక్క చూసుకుందాం. మనసు వేసే ప్రతి ప్రశ్ననూ మూడు గీటురాళ్ళ మీద గీసి చూద్దాం.

మొదటిది: ఈ ప్రశ్న సాకును వెతుకుతోందా, నిజాన్ని వెతుకుతోందా? మనిషి ఎన్ని సాకులు చెప్పినా తన గురించి తనకు బాగా తెలుసునని ఖుర్ఆన్ (75:14-15) గుర్తు చేస్తోంది.

రెండోది: దీని సమాధానం నా చేతిలో ఉన్న పనికి దారి తీస్తుందా? "అప్పుడు అలా చేసి ఉంటేనా!" అన్న మాట షైతాను పనికి తలుపు తెరుస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. గడిచినదాని నుంచి గుణపాఠం తీసుకోవాలి, అందులోనే కాపురం పెట్టకూడదు.

మూడోది: ఈ ప్రశ్న అల్లాహ్ కారుణ్యం మీద ఆశను నిలుపుతుందా, తెంచుతుందా? తమ ఆత్మలపై ఎంత అత్యాచారం చేసుకున్నవారైనా నిరాశ చెందవద్దని ప్రభువే పిలుస్తుంటే (39:53), నిరాశకు నడిపించే ప్రశ్న ఆయన వైపు నుంచి వచ్చినది కాదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. అన్యాయానికి గురైనవారు, ఇంట్లో దెబ్బలు తింటున్న సోదరి వంటివారు, "నా తప్పేమిటి?" అని తమనే తవ్వుకోవడం ఆత్మపరిశీలన కాదు. వారి సరైన ప్రశ్న "నాకు అండగా ఎవరు నిలుస్తారు? ఎవరికి చెప్పాలి?" అన్నదే. అలాగే వుజూ సరిగా అయిందా లేదా అని పదేపదే కడుక్కునే వస్వసా, వారాల తరబడి వదలని దిగులు, నిద్ర పట్టకపోవడం, బతకాలనిపించకపోవడం విశ్వాస లోపాలని ముద్ర వేయకూడదు. అవి జబ్బు లక్షణాలు కావచ్చు. చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (స) బోధనే. దుఆతో పాటు మానసిక వైద్యుణ్ణి కలవడంలో ఏ తప్పూ లేదు, ఆలస్యం చేయడమే తప్పు.

ఇంట్లో అడిగే ప్రశ్నలు

పిల్లవాడు ఫజ్ర్ తప్పిస్తే, "నువ్వు ఎప్పటికి బాగుపడతావు?" అంటాం. దానికి వాడి దగ్గర సమాధానం లేదు. "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు? రేపు నిన్ను నేను లేపనా, అలారం పెట్టుకుంటావా?" అని అడిగితే సమాధానం ఉంది, పని కూడా ఉంది. చాలాకాలం తర్వాత జుమాకు వచ్చిన వ్యక్తిని, "ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా?" అని పలకరించకండి. సలాం చెప్పి, పక్కన చోటు ఇవ్వండి. తెలుగు తప్ప మరో భాష రాని సోదరుణ్ణి, "ముసల్మానువై ఉండి ఉర్దూ రాదా?" అని అడిగే మాట మన నోట రాకూడదు. అల్లాహ్ దగ్గర అడగబడే ప్రశ్నల్లో అది లేదు. ఉర్దూలో చదువుకున్నవాళ్ళం కాబట్టి ఈ మాట చెప్పే బాధ్యత మా మీద ఎక్కువ ఉంది.

ఆ రాత్రి తర్వాత మేము పరుపులు కుట్టే ఆ చాచా ఇంటికి వెళ్ళాము. ముందు క్షమాపణ చెప్పుకున్నాము. ఆయన, "అయ్యో, అంత మాట ఎందుకు హజ్రత్" అన్నారు. ఆ తర్వాత ఈసారి ఆలోచించి అడిగాము: "ఫాతిహా సూరాలో మీకు ఇప్పటికే ఎంత వరకు వచ్చు చాచా?" ఆయన కాసేపు తల వంచుకుని, మెల్లగా మొదలుపెట్టారు. మూడు ఆయతులు చదివి తడబడి ఆగిపోయారు. "అయితే రేపు నాలుగోది" అన్నాము.

పిల్లల మధ్య కూర్చోవడానికి ఆయన ఒప్పుకోలేదు, మేమూ బలవంతం చేయలేదు. రోజూ ఇషా తర్వాత వారి ఇంటి అరుగు మీద పది నిమిషాలు. ఫాతిహా పూర్తయింది, చిన్న సూరాలు కొన్ని వచ్చాయి, జనాజా దుఆ కూడా వచ్చింది. 'ఐన్' అక్షరం ఆయన నోట ఇప్పటికీ సరిగా పలకదు. కష్టపడుతూ, తడబడుతూ ఖుర్ఆన్ చదివేవారికి రెండింతల పుణ్యం ఉందని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు చెప్పినప్పుడు ఆయన కళ్ళు తుడుచుకున్నారు. తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళి తానే స్వయంగా దుఆ చేసి వచ్చానని తర్వాత ఒకరోజు చెప్పారు.

రేపటి కోసం ఏం పంపుకున్నాడో ప్రతి మనిషీ చూసుకోవాలని ఖుర్ఆన్ (59:18) ఆదేశిస్తోంది. ప్రళయ దినాన ప్రశ్నలు ఎలాగూ తప్పవు. ఆ ప్రశ్నలకు ముందే, ఈ రాత్రే, మనల్ని మనం ఒక్క ప్రశ్న అడుగుదాం: నా ప్రభువు వైపు నేను వేయగలిగిన తర్వాతి అడుగు ఏది? దాన్ని వేయకుండా నన్ను ఆపుతున్నది ఏమిటి?

ఓ అల్లాహ్! మా లోపాలను చూసే కళ్ళను, వాటిని ఒప్పుకునే ధైర్యాన్ని, వాటిని దాటే శక్తిని మాకు ప్రసాదించు. నీ ఇంటికి వచ్చేవారిని ఆపే మాట మా నోట రాకుండా కాపాడు. ఆమీన్.